ఆదివారం ఉండి సోమవారం పోయే మెయిళ్ళు

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు చెప్పేస్తాను, తప్పుంటే సరిదిద్దండి. గుంటూరులో నాన్నగారి మిర్చి వ్యాపారం. సొంత డొమైన్ (అడ్రసులో @ గుర్తు తర్వాత వచ్చే పేరు) మీద ఒకటే మెయిల్ అడ్రసు. అది మీ ఫోన్లో, నాన్నగారి ఫోన్లో, లెక్కలు చూసే అకౌంటెంటు గారి కంప్యూటర్లోని అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాంలో ఉంది. మూడు నెలలుగా బయ్యర్ల నుంచి వచ్చిన మెయిళ్ళు పొద్దున ఫోన్లో కనిపించి మధ్యాహ్నానికి పోతున్నాయి. ట్రాష్‌లో లేవు, స్పామ్‌లో లేవు. పాస్‌వర్డ్ మారిస్తే రెండు రోజులు బాగుంది, మళ్ళీ మొదలైంది. ఆదివారం వచ్చినవి మాత్రం సోమవారం పొద్దుటి దాకా ఉంటున్నాయి. మీ మెయిళ్ళు వచ్చి చేరే కంప్యూటర్ని, అంటే సర్వర్ని, నడిపే హోస్టింగ్ వాళ్ళు సర్వర్ బాగానే ఉందన్నారు. చివర్లో, హైదరాబాద్‌లో ఉన్న మీ అక్కగారి జీమెయిల్‌లో ఇంటర్వ్యూ మెయిల్ ఒకటి ఫోన్లో మెరిసి తర్వాత కనిపించలేదని కూడా రాశారు.

పదహారేళ్ళుగా చిన్న ఆఫీసులకు మెయిల్ పెట్టి, చెడితే బాగుచేసే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన గుర్తులన్నీ కలిపి చూస్తే, మీ మెయిళ్ళు ఎక్కడికీ పోలేదని నా గట్టి అంచనా. అకౌంటెంటు గారి కంప్యూటర్లో, ఆయన అవుట్‌లుక్ ఫైల్లో కూర్చుని ఉంటాయి. అందుకే మొదటి మాటగా ఒకటి బతిమాలుతున్నాను. ఆ కంప్యూటర్ని ఇప్పుడు ఫార్మాట్ చేయకండి, అవుట్‌లుక్ తీసేసి మళ్ళీ వేయకండి, అందులోని అకౌంటును డిలీట్ చేయకండి. మీ మూడు నెలల మెయిళ్ళకు మిగిలిన ఒకే ఒక కాపీ అదే కావచ్చు.

ఎందుకు అలా అనుకుంటున్నానో చెబుతాను. మీ ఉత్తరంలో మూడు గుర్తులున్నాయి. ఆదివారం మెయిళ్ళు నిలుస్తున్నాయి అంటే, వాటిని తీసేది వారమంతా తిరిగే యంత్రం అయ్యుండదు, ఆఫీసు తెరిచినప్పుడే పనిచేసేది ఏదో అయ్యుండాలి. పాస్‌వర్డ్ మార్చాక రెండు రోజులు ఆగింది. అంటే తీసేదానికి ఆ రెండు రోజులు కొత్త పాస్‌వర్డ్ తెలియదు, తర్వాత తెలిసింది. ఎవరు చెప్పారు? అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అడిగితే అకౌంటెంటు గారు నాన్నగారిని అడిగి ఉంటారు, నాన్నగారు చెప్పి ఉంటారు. అందులో ఎవరి తప్పూ లేదు, మామూలుగా జరిగేదే.

మూడో గుర్తు అన్నిటికంటే గట్టిది. ట్రాష్ ఖాళీగా ఉంది. ఫోన్లో ఎవరైనా వేలు తగిలి డిలీట్ చేస్తే ఆ మెయిల్ సాధారణంగా ట్రాష్‌లోకి వెళుతుంది. ఏ జాడా లేకుండా సర్వర్ మీద నుంచి నేరుగా తుడిచిపెట్టుకుపోయే పద్ధతి ఒకటుంది, దాని పేరు పాప్. పాప్ పద్ధతిలో మెయిల్ తీసుకునే ప్రోగ్రాం ఇన్‌బాక్స్‌లో ఉన్నవన్నీ తన కంప్యూటర్లోకి దింపుకుని, తర్వాత సర్వర్‌కి 'ఇక వీటిని తీసెయ్' అని చెబుతుంది. సర్వర్ తీసేస్తుంది. అక్కడ ట్రాష్ అనే మాటే ఉండదు.

ఈ పద్ధతి పుట్టినప్పుడు అది సరైన పద్ధతే. పాప్ మొదటి రూపం 1984 నాటిది, ఇప్పుడు వాడుతున్న మూడో రూపానికి ప్రమాణం 1996లో ఖరారైంది. మన దేశంలో 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను మామూలు జనానికి తెరిచిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఫోన్ లైను మీద డయల్ చేసి, మోడెమ్ అరుపులు విని, మెయిళ్ళు గబగబా దింపుకుని లైను కట్ చేసేవాళ్ళు. ఒక మనిషికి ఒకే కంప్యూటర్, సర్వర్‌లో చోటు తక్కువ. దింపుకున్నాక అక్కడ ఉంచుకోవడం దండగ. రెండో పద్ధతి ఐమ్యాప్. దాన్ని 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ తయారుచేశారు. అందులో మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది, ఫోన్, కంప్యూటర్ అన్నీ ఆ ఒకే పెట్టెలోకి తొంగి చూస్తాయి. ఒకచోట చదివితే అన్నిచోట్లా చదివినట్టే, ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోయినట్టే.

మీ రెండు ఫోన్లు ఐమ్యాప్‌లో ఉండి ఉంటాయి, అకౌంటెంటు గారి కంప్యూటర్ పాప్‌లో. పొద్దున తొమ్మిదింటికి ఫోన్లో మెయిల్ చూస్తారు. పదిన్నరకు ఆయన వచ్చి అవుట్‌లుక్ తెరుస్తారు. అది తెరుచుకోగానే ఇన్‌బాక్స్‌ని ఖాళీ చేసుకుపోతుంది, ఆ తర్వాత అరగంటకోసారి మళ్ళీ వచ్చి చూస్తుంది. మీ ఫోన్ తర్వాతిసారి సర్వర్‌ని అడిగినప్పుడు 'ఇక్కడేమీ లేదు' అని జవాబొస్తుంది కాబట్టి ఫోన్లోంచి కూడా తీసేస్తుంది. ఆయన బిల్లులు పంపడానికే వాడుతున్నారు కాబట్టి, వందల మెయిళ్ళు వచ్చి పడుతున్నా అవి మీ దగ్గర లేవని ఆయనకు తెలిసే దారి లేదు.

మరి మూడు నెలల క్రితం దాకా ఎందుకు బాగుంది? ఒకసారి అడిగి చూడండి, ఆ కంప్యూటర్ని సుమారు అప్పుడే ఫార్మాట్ చేయించారా, లేక కొత్తది కొన్నారా? అవుట్‌లుక్‌లో పాప్ అకౌంటుకు 'సర్వర్ మీద ఒక కాపీ ఉంచు' అనే టిక్ ఒకటుంటుంది. ఎవరో తెలిసినవారు మొదట్లో ఆ టిక్ పెట్టి ఉంటారు, కొత్తగా సెట్ చేసిన కుర్రాడు పెట్టలేదు. పాత వెర్షన్లలో మనం పెట్టకపోతే ఆ టిక్ ఉండదు. తర్వాతి వెర్షన్లలో ముందే పెట్టి ఉంటుంది గానీ, దాని కిందే '14 రోజుల తర్వాత సర్వర్ మీద నుంచి తీసెయ్' అని ఇంకో టిక్ కూడా ఉంటుంది. మీకు వచ్చిన రోజే పోతున్నాయి కాబట్టి మొదటి రకం. కొందరికి సరిగ్గా రెండు వారాల పాత మెయిళ్ళు పోతుంటాయి, వాళ్ళకు కారణం ఆ 14 అనే అంకె. అలాంటి వాళ్ళు మీకు తెలిస్తే ఈ మాట చెప్పండి, పాపం నెలల తరబడి వెతుకుతుంటారు.

ఇదంతా అంచనా. నిరూపించుకోవడానికి ఒక రోజు చాలు. ఇవాళ రాత్రి మీ సొంత జీమెయిల్ నుంచి ఆఫీసు అడ్రసుకు 'పరీక్ష ఒకటి', 'పరీక్ష రెండు' అని రెండు మెయిళ్ళు పంపండి. రేపు పొద్దున ఆఫీసు తెరవకముందు ఫోన్లో కాకుండా బ్రౌజర్లో వెబ్‌మెయిల్ తెరిచి చూడండి. ఇది ముఖ్యం, ఎందుకంటే ఫోన్ చూపించేది తన దగ్గరున్న నకలు, వెబ్‌మెయిల్ చూపించేది సర్వర్ మీద నిజంగా ఉన్నది. అక్కడ రెండూ ఉన్నాయని చూశాక, అకౌంటెంటు గారు వచ్చి అవుట్‌లుక్ తెరిచాక పది నిమిషాలు ఆగి వెబ్‌మెయిల్ పేజీని మళ్ళీ తెరవండి. పోయాయా? వెంటనే ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి ఇన్‌బాక్స్ చూపించమనండి. అక్కడ ఉంటే కథ అయిపోయినట్టే.

ఆయనతో మాట్లాడేటప్పుడు కాస్త జాగ్రత్త. 'మా మెయిళ్ళు మీరు తీస్తున్నారట' అని మొదలుపెడితే పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది. ఆయన ఏమీ చేయలేదు, ఆయన కూర్చున్న కంప్యూటర్ చేసింది. నేను ఇలాంటి చోట్లకు వెళ్ళినప్పుడు 'సార్, మీ దగ్గర మెయిళ్ళన్నీ భద్రంగా ఉన్నాయేమో చూద్దామా' అని అడుగుతాను. వెంటనే చూపిస్తారు, పైగా సాయం కూడా చేస్తారు.

అక్కడ లేకపోతే, లేదా ఆయన కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా పోతుంటే, హోస్టింగ్ వాళ్ళని మళ్ళీ అడగాలి. ఈసారి అడిగే తీరు మార్చండి. 'మా మెయిళ్ళు పోతున్నాయి' అంటే సర్వర్ బాగుందనే జవాబే వస్తుంది, వాళ్ళ లెక్కలో అది నిజం కూడా. ఇలా రాయండి: 'ఫలానా అడ్రసుకు ఫలానా రోజు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు జరిగిన పాప్, ఐమ్యాప్ లాగిన్‌ల లాగ్ పంపండి, ఏ ఐపీ నుంచి వచ్చాయో ఉండాలి.' లాగ్ అంటే ఎవరు ఎప్పుడు వచ్చి వెళ్ళారో సర్వర్ రాసుకునే చిట్టా, ఐపీ అంటే వచ్చినవాళ్ళ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే అంకెల చిరునామా. ఇది వాళ్ళ దగ్గర ఉంటుంది. చాలా హోస్టింగ్ సర్వర్ల మీద మెయిల్ అందించే ప్రోగ్రాం పేరు డవ్‌కాట్. పాప్‌లో ఎవరైనా వచ్చి వెళ్ళినప్పుడల్లా అది ఒక వరుస రాసిపెడుతుంది. అందులో ఆర్‌ఈటీఆర్ అనే మాట పక్కన ఎన్ని మెయిళ్ళు దింపుకున్నారో, డీఈఎల్ అనే మాట పక్కన ఎన్ని తీసేశారో అంకెలు ఉంటాయి. దింపుకున్నవి 5, తీసేసినవి 5లో 5 అని కనిపిస్తే, ఆ మెయిళ్ళను ఎవరు, ఎప్పుడు తీశారో ఆ ఒక్క వరుస చెప్పేసినట్టే. ఐపీ మీ ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌దా కాదా అన్నది, ఆఫీసులో కూర్చుని బ్రౌజర్లో 'నా ఐపీ ఎంత' అని వెతికితే తెలుస్తుంది. మోడెమ్ ఆపి వేస్తే ఐపీ మారిపోతుంటుంది కాబట్టి లాగ్ అడిగిన రోజే చూడండి.

మీ హోస్టింగ్‌లో సీప్యానెల్ (మెయిల్ సెట్టింగులు మనమే చూసి మార్చుకునే పేజీ) ఉంటే ఇంకొకటి మీరే చూడొచ్చు. అందులో 'ట్రాక్ డెలివరీ' అనే చోట మీ డొమైన్‌కి ఏ మెయిల్ ఎప్పుడు వచ్చిందో, పెట్టెలో పడిందో లేదో ఉంటుంది. బయ్యర్ పంపానంటున్న మెయిల్ అక్కడ 'అందింది' అని ఉండి ఇన్‌బాక్స్‌లో లేకపోతే, వచ్చాక ఎవరో తీశారు. అసలు అక్కడే లేకపోతే అది పోయిన మెయిల్ కాదు, రాని మెయిల్. రెండూ వేరు వేరు జబ్బులు. పెట్టె నిండిపోతే కొత్తవి లోపలికి రావు, పంపినవాళ్ళకు తిరిగి వెళతాయి. కానీ ఉన్నవాటిని అది తీయదు.

ఇక బాగుచేయడం. ముందు ఆ కంప్యూటర్లో అవుట్‌లుక్ మూసి, దాని ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పీఎస్‌టీ అనే రకం ఫైలు అది, ఎక్కువగా డాక్యుమెంట్స్ లోపల 'అవుట్‌లుక్ ఫైల్స్' అనే ఫోల్డర్లో ఉంటుంది. కాపీ అయ్యాక సైజు రెండుచోట్లా ఒకటేనా అని చూసుకోండి. ఆ పని అయ్యేదాకా వేరే ఏదీ ముట్టుకోవద్దు.

తర్వాత అవుట్‌లుక్ తెరిచి, అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ పాప్ అకౌంటును మార్చే చోటికి వెళ్ళి, 'మోర్ సెట్టింగ్స్'లో 'అడ్వాన్స్‌డ్' అనే పేజీలో 'సర్వర్ మీద కాపీ ఉంచు' అన్న దానికి టిక్ పెట్టండి. దాని కింద ఉన్న రోజుల టిక్, 'డిలీటెడ్ ఐటమ్స్ నుంచి తీసినప్పుడు సర్వర్ నుంచి కూడా తీయి' అన్న టిక్ రెండూ తీసేయండి. దీంతో ఇవాళే నష్టం ఆగుతుంది. ఇది మీకు సమయం ఇవ్వడానికి మాత్రమే. తీరిగ్గా చేయాల్సింది, అదే అడ్రసును అవుట్‌లుక్‌లో ఐమ్యాప్‌గా కొత్తగా కలపడం. రెండిటికీ తేడా అకౌంట్ సెట్టింగ్స్‌లో ఉండే పోర్ట్ అంకెలో (సర్వర్‌కి ఏ తలుపు గుండా వెళ్ళాలో చెప్పే నంబరు) తెలుస్తుంది. మెయిల్ తీసుకునే చోట 995 లేదా 110 ఉంటే పాప్, 993 లేదా 143 ఉంటే ఐమ్యాప్. మీ ఫోన్లలో కూడా ఈ అంకె చూడండి. ఒక్కోసారి ఫోన్ తనంతట తానే పాప్ ఎంచుకుని ఉంటుంది, అప్పుడు నేను అకౌంటెంటు గారి మీద పెట్టిన అంచనా నాన్నగారి ఫోన్ మీదికి మారుతుంది.

ఐమ్యాప్ అకౌంటు పనిచేయడం మొదలయ్యాక పాత ఇన్‌బాక్స్‌లోని మూడు నెలల మెయిళ్ళను ఎంచుకుని కొత్త ఇన్‌బాక్స్‌లోకి కాపీ చేయండి. అవి సర్వర్‌కి ఎక్కి, మళ్ళీ మీ ఫోన్లలో కనిపిస్తాయి. ఒకేసారి రెండు వేలు లాగకండి, మధ్యలో ఆగిపోతే ఎన్ని వెళ్ళాయో లెక్క తేలదు. రెండు వందల చొప్పున పంపితే మంచిది. అంతకుముందు సీప్యానెల్‌లో ఆ పెట్టెకు ఎంత చోటు ఇచ్చారో చూసి, చాలకపోతే పెంచండి. పాప్ అకౌంటును ఒక నెల తర్వాత, అన్నీ సరిపోయాయని నాన్నగారు చూసుకున్నాక తీసేయండి.

నా మాట వింటే, ఒకే పాస్‌వర్డ్‌ను ముగ్గురు వాడటం కూడా ఆపండి. అకౌంటెంటు గారికి విడిగా ఒక అడ్రసు పెట్టి, బిల్లులకు సంబంధించిన కాపీలు అక్కడికి వెళ్ళేలా చేయండి. మీ హోస్టింగ్‌లో ఇంకో అడ్రసు పెట్టడానికి అదనంగా డబ్బు కట్టాల్సిన పని ఎక్కువసార్లు ఉండదు.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టే సంగతి. తొంభై పాళ్ళు పాప్ అని నమ్ముతున్నా, మిగతా పది పాళ్ళను వదిలేయలేను, ఎందుకంటే మీది విదేశీ బయ్యర్లతో డబ్బు నడిచే వ్యాపారం. ఐదేళ్ళ క్రితం ఒంగోలు దగ్గర గ్రానైట్ ఎగుమతి చేసే ఒకాయన పిలిచారు. ఒక బయ్యర్ జవాబివ్వడం లేదని బాధపడుతున్నారు, ఆ బయ్యరేమో నాలుగు మెయిళ్ళు పంపానంటున్నారు. ఇన్‌బాక్స్, ట్రాష్, స్పామ్ అన్నీ చూశాం, లేవు. బ్రౌజర్లో మెయిల్ తెరిచి రూల్స్ పేజీకి వెళితే అక్కడ ఒక రూల్ ఉంది. దాని పేరు ఒక్క చుక్క. ఆ బయ్యర్ కంపెనీ నుంచి ఏది వచ్చినా 'చదివేసింది' అని గుర్తుపెట్టి, ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ అనే ఫోల్డర్లోకి నెట్టేయమని అందులో రాసి ఉంది. ఆ ఫోల్డర్‌ని ఎవరూ తెరవరు. నాలుగు మెయిళ్ళూ అక్కడే ఉన్నాయి.

పాస్‌వర్డ్ దొంగిలించినవాడు ఈయన పేరుతోనే, ఒక్క అక్షరం తేడా ఉన్న డొమైన్ నుంచి బయ్యర్‌తో మాట్లాడుతున్నాడు. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఇక్కడ వేయండి' అని రాశాడు. బయ్యర్‌కు అనుమానం వచ్చి ఫోన్ చేశారు కాబట్టి డబ్బు ఆగింది. ఆ రోజు ఆయన ముఖం నేను మర్చిపోలేదు. ఏడాది సరుకు సొమ్ము అది.

ఆ రకం మోసానికీ మీ కేసుకూ తేడా ఎలా తెలుస్తుందంటే, దొంగ ఎంచుకుని తీస్తాడు. ఒకే బయ్యర్‌వి, లేదా 'ఇన్వాయిస్', 'పేమెంట్' అనే మాటలున్నవి మాత్రమే పోతాయి. కరెంటు బిల్లు మెయిల్, ప్రకటనలు అలాగే ఉంటాయి. పాప్ అయితే పనికొచ్చేవీ పనికిరానివీ అన్నీ ఊడ్చుకుపోతుంది. మీకు ఏవి పోతున్నాయో మీరు స్పష్టంగా రాయలేదు, బయ్యర్లవి అన్నారు. అవి ముఖ్యం కాబట్టి అవే గుర్తున్నాయా, నిజంగా అవే పోతున్నాయా? నేను పంపమన్న పరీక్ష మెయిళ్ళు ఈ ప్రశ్నకు కూడా జవాబిస్తాయి. అవి నిలిచి, బయ్యర్లవి మాత్రం పోతే వెంటనే జాగ్రత్తపడాలి.

అనుమానం ఉన్నా లేకున్నా, సీప్యానెల్‌లో మూడు చోట్లు చూసేయండి: ఫార్వర్డర్లు, ఈమెయిల్ ఫిల్టర్లు, గ్లోబల్ ఈమెయిల్ ఫిల్టర్లు. మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే ముందు ఫోటో తీసుకుని, తర్వాత తీసేయండి. పాస్‌వర్డ్ ఒక్కటీ మారిస్తే సరిపోదని ఇక్కడే అందరూ పొరపడతారు. పాస్‌వర్డ్ మారినా పాత రూల్ అలాగే పనిచేస్తుంటుంది, పాత ఫార్వర్డింగ్ అలాగే కాపీలు బయటికి పంపుతుంటుంది. మెయిల్ పాస్‌వర్డ్‌తో పాటు సీప్యానెల్ పాస్‌వర్డ్ కూడా మార్చాలి, రెండంచెల లాగిన్ పెట్టే వీలుంటే పెట్టాలి. బ్యాంకు ఖాతా మార్పు గురించి మెయిల్లో వచ్చే ఏ మాటనైనా పాత ఫోన్ నంబరుకు ఫోన్ చేసి కనుక్కోకుండా నమ్మొద్దని బయ్యర్లకు ఇప్పుడే ఒక మాట చెప్పండి. ఒకవేళ డబ్బు పోయినట్టు తేలితే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

అక్కగారి జీమెయిల్ సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ మెయిల్ పోయి ఉండే అవకాశం చాలా తక్కువ, ఇన్‌బాక్స్‌లోంచి పక్కకు జరిగి ఉంటుంది. సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషులో 'ఇన్' అని రాసి, కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా 'ఎనీవేర్' అని రాసి, తర్వాత ఒక ఖాళీ వదిలి కంపెనీ పేరు టైప్ చేయమనండి. మామూలు సెర్చ్ స్పామ్‌లో, ట్రాష్‌లో వెతకదు, ఇది వెతుకుతుంది. పదిలో ఏడుగురికి ఇక్కడే దొరుకుతుంది.

దొరికిన మెయిల్ మీద ఇన్‌బాక్స్ అనే గుర్తు లేకుండా ఉంటే అది ఆర్కైవ్ అయింది. ఫోన్లో మెయిల్‌ని పక్కకు తోస్తే చాలా ఫోన్లలో అది ఆర్కైవ్ అవుతుంది, పైనుంచి వచ్చే నోటిఫికేషన్ కింద కూడా ఆర్కైవ్ అనే బటన్ ఉంటుంది. బస్సులో నిలబడి చూసుకుంటున్నప్పుడు వేలు తగిలితే చాలు. ఆ తోసే అలవాటుకు అర్థం ఏమిటో జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, నేనైతే అందరికీ దాన్ని ఆపేయమంటాను.

ఇంకో మాట అడగండి, ఆమె ఫోన్లో రెండు జీమెయిల్ అకౌంట్లు ఉన్నాయా? ఉద్యోగం వెతికేవాళ్ళకు చాలామందికి ఉంటాయి. నోటిఫికేషన్ ఒక అకౌంటుది వస్తుంది, యాప్ తెరిస్తే రెండోది తెరుచుకుంటుంది. ఆ మెయిల్ కోసం గంటలు వెతికి ఏడ్చిన అమ్మాయిని చూశాను, పైన కుడివైపు ఉన్న బొమ్మను నొక్కి అకౌంట్ మారిస్తే ఎదురుగా ఉంది. అలాగే 2013 నుంచి ఉన్న ప్రమోషన్స్, సోషల్ ట్యాబ్‌లు కూడా చూడాలి. ఉద్యోగాల వెబ్‌సైట్ల నుంచి వచ్చేవి తరచుగా అక్కడ పడతాయి. అదే సబ్జెక్టుతో ముందు వచ్చిన మెయిల్ ఉంటే కొత్తది దాని కిందికి చేరిపోతుంది, పాత మెయిల్‌ని తెరిచి కింది దాకా జరపాలి. ఆ సంభాషణను ఎప్పుడైనా 'మ్యూట్' చేసి ఉంటే కొత్త జవాబులు ఇన్‌బాక్స్‌లోకే రావు.

అక్కడా లేకపోతే కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి సెట్టింగ్స్‌లో ఫిల్టర్ల పేజీ చూడాలి, ఫోన్ యాప్‌లో అది కనిపించదు. అదే సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, పాప్ ఉన్న పేజీ కూడా చూడండి. పేజీ అడుగున కుడివైపు చిన్న అక్షరాలతో 'డీటెయిల్స్' అని ఉంటుంది, ఇటీవల ఎక్కడెక్కడి నుంచి ఆ అకౌంటు తెరిచారో అక్కడ తెలుస్తుంది. ట్రాష్‌లో పడినది 30 రోజులే ఉంటుంది కాబట్టి ఈ వెతుకులాట ఈ వారంలోనే చేయమనండి.

జీమెయిల్ తానే మెయిళ్ళు పోగొడుతుందా అని మీ అక్కగారు అడిగారట. ఒకసారి జరిగింది. 2011 ఫిబ్రవరి 27న, మెయిళ్ళను దాచే సాఫ్ట్‌వేర్‌కు చేసిన ఒక మార్పులోని తప్పు వల్ల కొందరికి ఇన్‌బాక్స్ మొత్తం ఖాళీగా కనిపించింది. గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం వాడుకరుల్లో 0.02 శాతం మందికి. వేర్వేరు డేటా సెంటర్లలో ఉన్న కాపీలకు కూడా ఆ తప్పు పాకింది. చివరికి నెట్‌కు తగిలించకుండా విడిగా టేపుల మీద దాచిన కాపీల నుంచి తిరిగి పెట్టారు. అప్పుడు కూడా పోయింది మొత్తం ఇన్‌బాక్స్, ఒక్క ఇంటర్వ్యూ మెయిల్ కాదు. అందుకే ఆమె విషయంలో నేను సర్వర్‌ని అనుమానించడం లేదు.

మీ ఆఫీసులో ఇంకో కంప్యూటర్లో థండర్‌బర్డ్ (అవుట్‌లుక్ లాంటిదే ఇంకో మెయిల్ ప్రోగ్రాం) ఉందని కూడా ఒక ముక్క రాశారు. అది ఐమ్యాప్‌లో ఉంటే బాధ లేదు. పాప్‌లో ఉంటే మాత్రం ఒక ప్రమాదం చెబుతాను. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోని మెయిళ్ళన్నిటినీ ఒకే ఫైల్లో దాస్తుంది. ఒక మెయిల్లో వైరస్ అటాచ్‌మెంట్ వస్తే, కొన్ని యాంటీవైరస్‌లు ఆ ఒక్క మెయిల్‌ని విడదీయలేక మొత్తం ఇన్‌బాక్స్ ఫైల్నే పట్టుకెళ్ళి క్వారంటైన్‌లో, అంటే అనుమానం ఉన్న ఫైళ్ళను విడిగా బంధించే చోట, పడేస్తాయి. ఒక్క ఉదయంలో ఆరేళ్ళ మెయిళ్ళు పోయాయని ఒకరు నాకు ఫోన్ చేస్తే, యాంటీవైరస్ క్వారంటైన్ జాబితాలోంచి ఫైలును వెనక్కి రప్పించి పెట్టాం. ఆయన 'శుభ్రం చేయి' అని నొక్కి ఉంటే అంతే సంగతులు. థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని యాంటీవైరస్ చూడకుండా మినహాయించి, దాన్ని వారానికోసారి వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఫైలు ఉండి మెయిళ్ళు కనిపించకపోతే, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో 'రిపేర్ ఫోల్డర్' నొక్కితే సూచిక కొత్తగా తయారవుతుంది, చాలాసార్లు అన్నీ తిరిగి కనిపిస్తాయి.

రేపటి పరీక్ష తర్వాత నాకు మూడు విషయాలు రాయండి: పరీక్ష మెయిళ్ళు వెబ్‌మెయిల్‌లో ఎన్నింటికి పోయాయి, అకౌంటెంటు గారి అవుట్‌లుక్‌లో పోర్ట్ అంకె ఎంత, సీప్యానెల్ ఫిల్టర్లలో మీరు పెట్టనిది ఏమైనా ఉందా. హోస్టింగ్ వాళ్ళు లాగ్ పంపితే పాప్ లాగిన్ ఉన్న రెండు మూడు వరుసలు కూడా కాపీ చేయండి. అందులో మీ అడ్రసు, ఐపీలోని చివరి అంకెలు చెరిపేసి పంపండి, పాస్‌వర్డ్ మాత్రం నాకు కూడా చెప్పొద్దు. పీఎస్‌టీ కాపీ తీసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.